క్యాంపర్ వ్యాన్‌లో పైకి లేచే మంచం: ముందు తూకం, ఆ తరువాతే గ్యాస్ స్ట్రట్లు

ఎత్తైన పైకప్పు గల వ్యాన్‌లో పక్క గోడను ఆనించి 1900 మిల్లీమీటర్ల పొడవు, 1200 మిల్లీమీటర్ల వెడల్పుతో మంచం కట్టుకోవాలని, పగటి వేళ పరుపుతో సహా పలకను పైకి లేపి కింద దాచిన సామాన్లు తీసుకునేలా ఉండాలని మీరు రాశారు. దానితో పాటు మూడు సంగతులు అడిగారు. పలకను పైకి తోసి నిలబెట్టే గ్యాస్ నింపిన గొట్టాలు, అంటే గ్యాస్ స్ట్రట్లు, ఎన్ని న్యూటన్ల (న్యూటన్ అంటే బలానికి కొలత) బలం గలవి కొనాలన్నది మొదటిది. బందులు (హింజ్‌లు) గోడ వైపు ఉండాలా, తల వైపు ఉండాలా అన్నది రెండవది. పలక బరువే దాన్ని కిందికి అదిమి ఉంచుతుంది కదా, వేరే గడియ ఎందుకన్నది మూడవది. ఈ మూడింటికీ సమాధానం ఒకే చోట దొరుకుతుంది. పలక పూర్తిగా తయారై, దాని మీద పరుపూ దుప్పట్లూ పరిచిన తరువాత, లేచే అంచు దగ్గర తూస్తే వచ్చే బరువే ఆ సమాధానం. ఆ సంఖ్య చేతిలో లేకుండా స్ట్రట్లు కొనవద్దని మొదటే గట్టిగా చెబుతున్నాను.

నేను కట్టిన మొదటి మంచానికి ఈ క్రమం తప్పాను. బరువు అంచనాగా అనుకుని ఒక్కొక్కటి 800 న్యూటన్ల స్ట్రట్లు రెండు ముందే తెచ్చి, పరుపు ఇంకా రాకముందే బిగించాను. పలకను కిందికి నొక్కి పట్టుకున్న చేతులు కాస్త సడలగానే అది ఒక్కసారిగా పైకి ఎగిసింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, గోడ వైపున్న పొడవాటి బందు తాలూకు స్క్రూలు ఒక్కొక్కటిగా ఊడి వచ్చాయి. తరువాత టార్చి వేసి చూస్తే ప్లైవుడ్ అంచులో ప్రతి స్క్రూ రంధ్రం దగ్గరా పొరలు పుస్తకం పుటల్లా విడిపోయి, మధ్యలో పొడిపొడిగా రంపపు పొట్టు లాంటిది మిగిలి ఉంది. తప్పు స్క్రూలది కాదు, నాది. అక్కడ ఎంత బలం పడుతుందో లెక్క వేయకుండానే పని మొదలుపెట్టాను. ఆ తరువాత కట్టిన ప్రతి మంచానికీ కింద చెప్పబోయే వరుసనే పాటిస్తున్నాను.

ముందుగా బరువు సంగతి చూద్దాం. మీ కొలతల ప్రకారం పలక వైశాల్యం 2.28 చదరపు మీటర్లు. 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 680 కిలోలు కనుక పలక ఒక్కటే 18.6 కిలోలు తూగుతుంది. దాని అడుగున చుట్టూ ఒక చట్రం, మధ్యలో రెండు అడ్డపట్టీలు వేస్తే మొత్తం 8.6 మీటర్ల కర్ర పడుతుంది. 45 మిల్లీమీటర్లు, 35 మిల్లీమీటర్ల కోతలో ఉన్న పైన్ కర్రయితే మీటరుకు 800 గ్రాముల లెక్కన అది దాదాపు 7 కిలోలు. ఘనపు మీటరుకు 35 కిలోల సాంద్రత గల ఫోమ్‌తో 100 మిల్లీమీటర్ల మందం పరుపు 8 కిలోలు వస్తుంది. దుప్పట్లు, దిండ్లు కలిపి మరో రెండు మూడు కిలోలు వేసుకోండి. అంతా కలిపితే 36 కిలోలు. అల్యూమినియం అనగానే తేలికని చాలామంది అనుకుంటారు, అది అన్నివేళలా నిజం కాదు. గాడులు ఉండే 40 మిల్లీమీటర్ల చదరపు ప్రొఫైల్ మీటరుకు ఒకటిన్నర కిలో వరకు తూగే రకాలు ఉన్నాయి. దానితో చట్రం కడితే పైన్ కర్రకు దాదాపు రెట్టింపు బరువవుతుంది. 30 మిల్లీమీటర్ల చదరపు గొట్టం 2 మిల్లీమీటర్ల మందంతో తీసుకుంటే మీటరుకు 600 గ్రాములే. తేలికదనం కావాలంటే గొట్టమే మేలు. చట్రం గట్టిగా ఉన్నప్పుడు ప్లైవుడ్‌ను 9 మిల్లీమీటర్లకు తగ్గించి నాలుగున్నర కిలోలు ఆదా చేసుకోవచ్చు, కానీ అప్పుడు అడ్డపట్టీల మధ్య దూరం 400 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

ఈ లెక్క అంతా కాగితం మీద అంచనా మాత్రమే. అసలు సంఖ్య కావాలంటే బందులు మాత్రం బిగించి, స్ట్రట్లు పెట్టకుండా, పరుపు వేసి, లేచే అంచు మధ్య భాగంలో ఒక కర్రముక్క నిలబెట్టి దాని కింద మనుషులు బరువు చూసుకునే తూకపు యంత్రం పెట్టండి. పలక అడ్డంగా, సమతలంగా ఉన్నప్పుడు అది ఎంత చూపిస్తుందో రాసుకోండి. బరువు సమానంగా పరుచుకుని ఉంటే 36 కిలోల పలకకు అది 18 కిలోలు చూపిస్తుంది. ఆ 18ని 9.81తోనూ, బందు నుంచి అంచు వరకు ఉన్న దూరం 1.2 మీటర్లతోనూ గుణిస్తే 212 న్యూటన్ మీటర్లు వస్తాయి. పలకను కిందికి తిప్పే బలం అంతా ఇదే. గరిమనాభి ఎక్కడుందో విడిగా వెతకనవసరం లేదు, తూకం దాన్ని తనలోనే కలుపుకుని చెబుతుంది.

బందులు ఎటు వైపన్న మీ ప్రశ్నకు నా సమాధానం గోడ వైపే. ఎందుకో చూడండి. మంచం ఎత్తు నేల నుంచి 450 మిల్లీమీటర్లు అనుకుందాం. గోడ వైపు బందు పెట్టి 60 డిగ్రీలు లేపితే అంచు 1040 మిల్లీమీటర్లు పైకి వెళుతుంది. పరుపు మందం కూడా కలుపుకుంటే నేల నుంచి సుమారు 1550 మిల్లీమీటర్లు. ఎత్తైన పైకప్పు గల వ్యాన్‌లో దానికి తగినంత చోటు ఉంటుంది. పైగా 60 డిగ్రీల దగ్గర పలకను కిందికి లాగే బలం దాదాపు సగానికి, అంటే 106 న్యూటన్ మీటర్లకు తగ్గిపోతుంది. స్ట్రట్లకు పని సులువవుతుంది. అదే తల వైపు బందు పెడితే 1900 మిల్లీమీటర్ల పొడవంతా లేవాలి. 60 డిగ్రీలకు అంచు పైకప్పును దాటిపోతుంది కనుక 40 డిగ్రీల దగ్గరే ఆపుకోవలసి వస్తుంది. ఆ కోణంలో కిందికి లాగే బలం ఇంకా 77 శాతం మిగిలే ఉంటుంది. అసలు బలం కూడా 212 కాదు, 335 న్యూటన్ మీటర్లు. అంత బలమైన స్ట్రట్లు పెట్టి, అంత బలమైన చట్రం కట్టి, చివరికి తల దగ్గర చెయ్యి కూడా దూరని సందు మిగిలితే లాభమేముంది? మంచం వ్యాన్‌కు అడ్డంగా ఉండి, వెనుక తలుపు నుంచి మాత్రమే సామాన్లు తీసేవారికి లెక్క వేరు. మీది అది కాదు.

గోడ వైపు బందు పెట్టేవారు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. పలక లేచినప్పుడు పరుపు గోడలోకి వెళ్ళడానికి ప్రయత్నిస్తుంది. బందు పలక అడుగు మట్టంలో ఉంది, దాని పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 100 మిల్లీమీటర్ల పరుపు ఉన్నాయి. 60 డిగ్రీలు తిరిగేసరికి పరుపు పై అంచు బందు గీత దాటి 97 మిల్లీమీటర్లు గోడ వైపు జరుగుతుంది. వ్యాన్ గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వంగి ఉంటాయి కనుక ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. కాబట్టి బందు గీతను గోడ నుంచి కనీసం 110 మిల్లీమీటర్లు ఇవతలికి తెచ్చి, మిగిలిన సందులో కదలని సన్నని బల్ల ఒకటి వేయండి. రాత్రి అది ఫోను, నీళ్ళ సీసా పెట్టుకోవడానికి పనికి వస్తుంది. ఇలా చేస్తే 1200 వెడల్పు మంచం నడవలోకి ఆ మేరకు జరుగుతుందని గుర్తుంచుకుని, నడవ ఎంత మిగులుతుందో ముందుగా అట్టముక్కలు కోసి వ్యాన్‌లో నిలబెట్టి చూసుకోండి. అట్ట నమూనా చేయడానికి ఒక పూట పడుతుంది. కోసిన ప్లైవుడ్‌ను మళ్ళీ అతికించడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు స్ట్రట్ల దగ్గరికి వద్దాం. గ్యాస్ స్ట్రట్ అంటే అధిక పీడనంలో నైట్రోజన్ నింపిన గొట్టం, అందులోకి దూరే కడ్డీ. దాని మీద రాసి ఉండే న్యూటన్ల సంఖ్య కడ్డీ దాదాపు పూర్తిగా బయటికి వచ్చి ఉన్నప్పటి బలం. కడ్డీ లోపలికి పోయేకొద్దీ గ్యాస్ ఇరుక్కుని బలం పెరుగుతుంది. రకాన్ని బట్టి మూసినప్పుడు అది 1.2 నుంచి 1.4 రెట్లు ఉంటుంది. నేను లెక్కకు 1.3 తీసుకుంటాను. అయితే స్ట్రట్ ఎంత బలమైనదన్న దానికంటే అది ఎక్కడ బిగించి ఉందన్నదే ముఖ్యం. స్ట్రట్ గీతకూ బందుకూ మధ్య ఉండే లంబ దూరమే దాని మీటకర్ర. అది 50 మిల్లీమీటర్లే ఉంటే 1000 న్యూటన్ల స్ట్రట్ కూడా చట్రాన్ని నలపడం తప్ప పలకను లేపలేదు.

మీ కొలతలకు సరిపోయే ఒక అమరిక చెబుతాను. కదలని చివరను బందు గీతకు 150 మిల్లీమీటర్ల కింద, 100 మిల్లీమీటర్ల ముందుకు, మంచం పెట్టె పక్క పలకకు బిగించండి. కదిలే చివరను లేచే పలక చట్రానికి, బందు నుంచి 450 మిల్లీమీటర్ల దూరంలో, బందు మట్టానికి 20 మిల్లీమీటర్ల కిందుగా బిగించండి. మూసి ఉన్నప్పుడు రెండు చివరల మధ్య దూరం 373 మిల్లీమీటర్లు, 60 డిగ్రీలు లేచినప్పుడు 549 మిల్లీమీటర్లు వస్తుంది. కడ్డీ కదలిక 176 మిల్లీమీటర్లు. కాబట్టి చివరి బంతి కీళ్ళ మధ్య 550 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల స్ట్రోక్ (కడ్డీ కదలగల దూరం) గల స్ట్రట్ తీసుకుంటే, మూసినప్పుడు కడ్డీ లోపల అడుగుకు తగలకుండా ఇరవై మిల్లీమీటర్లకు పైగా మిగులుతుంది. ఆ మిగులు తప్పనిసరి. అడుగుకు తగిలేంతగా నొక్కితే స్ట్రట్ లోపల పాడవుతుంది, లేదా బ్రాకెట్ వంగుతుంది. ఈ అమరికలో లంబ దూరం మూసినప్పుడు 175 మిల్లీమీటర్లు, తెరిచినప్పుడు 135 మిల్లీమీటర్లు.

లెక్క చూడండి. 450 న్యూటన్ల స్ట్రట్లు రెండు పెడితే, మూసినప్పుడు ఒక్కొక్కటి 585 న్యూటన్లతో తోస్తుంది. రెండూ కలిసి 205 న్యూటన్ మీటర్ల బలం ఇస్తాయి. పలక బలం 212. అంటే పలక తనంత తానుగా కిందే ఉంటుంది, వేలితో అంచు ఎత్తితే లేవడం మొదలుపెడుతుంది. తెరిచినప్పుడు స్ట్రట్ల బలం 122, పలక బలం 106. పలక పైనే నిలుస్తుంది, దింపాలంటే అంచు దగ్గర సుమారు 1.3 కిలోల బరువుతో నొక్కితే చాలు. నిజానికి ఇంత చక్కగా కుదరడం అరుదు. మీ పలక 33 కిలోలు తూగవచ్చు, 40 కూడా తూగవచ్చు. అందుకే కదలని చివరకు ఒకే రంధ్రం కాక, 25 మిల్లీమీటర్ల ఎడంతో నాలుగైదు రంధ్రాలున్న ఉక్కు పట్టీ పెట్టుకోండి. రంధ్రం మార్చినప్పుడల్లా చివరల మధ్య దూరం కూడా మారుతుంది కనుక, మూసిన స్థితిలో మిగులు ఉందో లేదో ప్రతిసారీ కొలవాలి. కావలసిన దానికంటే కాస్త బలమైనవి కొని, చిన్న వాల్వ్ ద్వారా గ్యాస్ కొద్దికొద్దిగా వదిలి సర్దుకునే రకం స్ట్రట్లు కూడా ఉన్నాయి. ఒకసారి వదిలిన గ్యాస్‌ను ఇంట్లో తిరిగి నింపలేము కాబట్టి పరుపు వేసి, వెచ్చని వాతావరణంలో కాక మామూలు వేడిమిలో, రెండు వైపులా సమానంగా వదలాలి.

వేడిమి అన్నాను కనుక గడియ గురించి మీరడిగిన మూడవ ప్రశ్నకు సమాధానం ఇక్కడే చెబుతాను. గ్యాస్ పీడనం వేడితో పెరుగుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రతి డిగ్రీకీ ఒక శాతంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఎండలో నిలిపి ఉంచిన వ్యాన్ లోపల 50 డిగ్రీలు ఉందనుకోండి. మన 450 న్యూటన్ల స్ట్రట్ 495 న్యూటన్లది అవుతుంది. మూసి ఉన్నప్పుడు రెండింటి బలం 226 న్యూటన్ మీటర్లకు చేరుతుంది, పలక బలం మాత్రం 212 దగ్గరే ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా కింద పడి ఉన్న మంచం మధ్యాహ్నం ఎవరూ ముట్టకుండానే నెమ్మదిగా లేస్తుంది. ఇది బండి నడుస్తున్నప్పుడు జరిగితే, ఒక గతుకు చాలు, పలక పూర్తిగా తెరుచుకుని అద్దంలోంచి వెనుక ఏముందో కనబడకుండా అడ్డం నిలుస్తుంది. పరుపు ఉతకడానికో ఎండబెట్టడానికో తీసినప్పుడు కూడా ఇదే పరిస్థితి. అప్పుడు అంచు దగ్గర ఐదు కిలోల బలంతో పలక పైకి తోసుకుంటూ ఉంటుంది. అందుచేత బరువును నమ్ముకుని గడియ మానుకోవద్దు. లేచే అంచుకు రెండు చివరలా లాగి బిగించే రకం గడియలు రెండు పెట్టండి. అవి పలకను రబ్బరు పట్టీ మీదికి గట్టిగా అదిమి పట్టుకుంటాయి కనుక ప్రయాణంలో గడగడ శబ్దం కూడా ఆగిపోతుంది.

చలిలో ఇది తిరగబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర స్ట్రట్ బలం ఏడు శాతం తగ్గుతుంది. తెరిచినప్పుడు పలకను నిలబెట్టే మిగులు సగానికి పడిపోతుంది. స్ట్రట్లు పాతబడి గ్యాస్ తగ్గినప్పుడూ ఇంతే. అంచేత పలక కింద తల దూర్చి పని చేసేటప్పుడు స్ట్రట్లను మాత్రమే నమ్మకూడదు. ఒక గట్టి ఊతకర్ర, పలక చట్రానికి ఒక చివర బందుతో వేలాడుతూ, రెండవ చివర పెట్టె అంచు మీద తవ్విన గాడిలో కూర్చునేలా చేసుకోండి. కారు బానెట్‌ను నిలబెట్టే కడ్డీ లాంటిదే ఇది. నా పిల్లలు పెట్టె లోపలికి వంగి బొమ్మలు వెతుక్కునేవారు. ఊత గాడిలో కూర్చున్న టక్కుమనే శబ్దం విన్న తరువాతే చేతులు లోపల పెట్టాలన్నది మా వ్యాన్‌లో నియమం. అలాగే పలక అంచుకూ పెట్టె అంచుకూ మధ్య వేళ్ళు నలిగే చోట్ల రబ్బరు దిమ్మెలు పెట్టి, మూసినప్పుడు పట్టుకోవడానికి ముందు వైపు ఒక పటకా, అంటే బట్ట పట్టీ, అతికించండి. పటకా పట్టుకుని మూసే చెయ్యి సందులో పడదు.

ఇక బందు దగ్గర పడే బలం. నా మొదటి మంచం విరిగింది ఇక్కడే కనుక దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. పై అమరికలో మూసి ఉన్నప్పుడు స్ట్రట్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. అది తోసే 585 న్యూటన్లలో 548 న్యూటన్లు పలకను గోడకు దూరంగా, నడవ వైపు నెడుతుంటాయి. రెండు స్ట్రట్లూ కలిసి సుమారు 1100 న్యూటన్లు, అంటే 110 కిలోల మనిషి వేలాడినంత బలం, రాత్రీ పగలూ విరామం లేకుండా ఆ బందును లాగుతూనే ఉంటుంది. ప్లైవుడ్ అంచులోకి, అంటే పొరల మధ్యకు ఎక్కించిన స్క్రూలు దీనిని ఎక్కువ కాలం ఓర్చుకోలేవు. బందు రెక్కను పలక అడుగు ముఖానికి ఆనించి, చట్రపు కర్రతో సహా ఆరపార వెళ్ళే ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టులతో, వెడల్పాటి వాషర్లు వేసి, నైలాన్ రింగు ఉన్న నట్లతో బిగించండి. మామూలు నట్లు రోడ్డు అదురుకు సడలిపోతాయి. పొడవునా సాగే పియానో హింజ్ అయినా, నాలుగు బరువైన బందులైనా పరవాలేదు. స్ట్రట్లు ఉన్న చోటుకు దగ్గరగా మాత్రం తప్పకుండా ఒక్కో బందు ఉండాలి. స్ట్రట్ బ్రాకెట్లు బిగించే చోట రెండు వైపులా అడ్డపట్టీ ఒకటి పలక వెడల్పంతా పరిగెత్తాలి. లేకపోతే స్ట్రట్ తోసిన చోట పలక ఉబ్బి, లేచే అంచు మధ్యలో కుంగినట్టు కనబడుతుంది.

స్ట్రట్‌ను బిగించేటప్పుడు గొట్టం పైకి, కడ్డీ కిందికి ఉండేలా చూడండి. లోపల కొద్దిగా నూనె ఉంటుంది. కడ్డీ కిందికి ఉంటే ఆ నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది, పలక పూర్తిగా లేచే చివరి క్షణంలో వేగాన్ని కూడా తగ్గిస్తుంది. కడ్డీని పటకారుతో పట్టుకోవద్దు, దాని మీద రంగు పడనివ్వద్దు. గోటికి తెలిసేంత గీత పడినా సీలు కోసుకుపోతుంది. స్ట్రట్‌కు రంధ్రం చేయడం, దాని మీద వెల్డింగ్ చేయడం, మంటలో వేయడం ప్రాణాపాయం. ఒకటి బలహీనపడితే రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే పలక మెలి తిరుగుతూ లేచి బందులను వంచుతుంది.

పడుకున్నవారి బరువు స్ట్రట్ల మీద గాని, బందుల మీద గాని పడకూడదు. మూసిన పలక నాలుగు వైపులా పెట్టె అంచు మీద, మధ్యలో కనీసం ఒక నిలువు పలక మీద పూర్తిగా ఆని ఉండాలి. పెట్టెను వ్యాన్‌కు బిగించడానికి కంపెనీ ఇచ్చిన సరుకు కట్టే కొక్కేల రంధ్రాలే అన్నిటికన్నా మంచివి. అవి బాడీ చట్రానికి కలిసి ఉంటాయి. గోడ వైపు బాడీ పట్టీలలో ఎం8 రివెట్ నట్లు, అంటే రేకు రంధ్రంలోనే బిగిసి ఉండే నట్లు, వేసుకోవచ్చు. నేలకు రంధ్రం వేయక తప్పకపోతే ముందు బండి కిందికి దూరి చూడండి. ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైరింగ్ ఎక్కడెక్కడ ఉన్నాయో సుద్దతో గుర్తు పెట్టుకోకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. వేసిన ప్రతి రంధ్రపు అంచుకూ తుప్పు పట్టని రంగు పూయండి. గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు సమానమైన బలంతో ముందుకు తోసుకుంటుంది, ఢీకొన్నప్పుడు అది ఎన్నో రెట్లవుతుంది. కాబట్టి మంచం కింది సామాన్లకు కూడా ముందు వైపు గట్టి అడ్డుగోడ ఉండాలి. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ వంటి బరువులు నేలకు ఆనించి, వెనుక ఇరుసుకు ముందు వైపు ఉంచండి. బ్యాటరీ తలల మీద మూత తప్పనిసరి, పెట్టెలో జారిన పాన ఒకటి రెండు తలలనూ కలిపితే చాలు మంట పుట్టడానికి. తీగలేవీ బందు గీత మీదుగా పోనివ్వకండి.

గాలి ఆడటానికి పలకకు రంధ్రాలు వేయమని చాలామంది చెబుతారు, అది మంచి సలహా. నిద్రలో మన ఒంటి నుంచి వెళ్ళే తేమ ఫోమ్ గుండా దిగి చల్లని ప్లైవుడ్ మీద నీరుగా మారుతుంది, కొన్ని వారాలలో అడుగున నల్లని బూజు మచ్చలు కనబడతాయి. 50 మిల్లీమీటర్ల రంధ్రాలు 150 మిల్లీమీటర్ల ఎడంతో వేయండి, అంచులకూ స్ట్రట్ బ్రాకెట్లకూ చెయ్యి వెడల్పు దూరం వదిలేయండి. దీనితో బరువు బాగా తగ్గుతుందని మాత్రం ఆశించవద్దు. అరవై రంధ్రాలు వేసినా తగ్గేది ఒక కిలోయే. పలక లేచేది అయినందువల్ల మీకు ఇంకో సౌకర్యం ఉంది. పొద్దున లేవగానే ఊత పెట్టి గంటసేపు తెరిచి ఉంచితే పరుపు అడుగు ఆరిపోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. రోజూ కావలసిన సామాను మంచం కింద ఒక మూలనే ఉంటుందనుకుంటే, పలకను అడ్డంగా రెండు ముక్కలుగా చేసి, కాళ్ళ వైపు 800 మిల్లీమీటర్ల ముక్క ఒక్కటే లేచేలా కట్టండి. పరుపునూ అక్కడే కోయించాలి. ఆ ముక్క పరుపుతో కలిపి 15 కిలోలు, అంచు దగ్గర ఏడున్నర కిలోలు మాత్రమే. దానికి స్ట్రట్లే అక్కర్లేదు, చేత్తో ఎత్తి ఊతకర్ర పెట్టుకోవచ్చు. బందు లాగుడు, ఎండకు లేవడం, సీలు కారడం, ఇవేవీ ఉండవు. అతుకు నడుము కిందికి రాకుండా తొడల కిందికో మోకాళ్ళ కిందికో వచ్చేలా చూసి, అతుకు కింద పెట్టె అడ్డుగోడ నిలబెడితే నిద్రలో అది తెలియదు. మొత్తం పలక లేవాలన్న పట్టుదల పొడవాటి వస్తువులు, అంటే మడత కుర్చీలు, గుడారపు కర్రలు, సైకిలు వంటివి పెట్టేవారికి తగినది. నేను ఈమధ్య కట్టిన రెండు మంచాలు ఈ సగం పలక పద్ధతిలోనే కట్టాను.

మొత్తం పలకే కావాలని మీరు నిర్ణయించుకుంటే పని వరుస ఇలా ఉంటుంది. పెట్టె, దాని బిగింపులు, పలక, బందులు, గడియలు, ఊత, పరుపు, అంచు తూకం, అట్ట మీద స్ట్రట్ చివరల గీత, ఆ తరువాత స్ట్రట్లు. మొదటిసారి స్ట్రట్లు తగిలించేటప్పుడు ఇద్దరు ఉండాలి. పలకను పూర్తిగా పైకి లేపి ఊత పెట్టి, కడ్డీ బయటికి చాచుకుని ఉన్న స్థితిలోనే బంతి కీళ్ళు తొడగాలి. మూసిన స్థితిలో స్ట్రట్‌ను నొక్కి తగిలించడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. మొదటి వంద కిలోమీటర్లు నడిపిన తరువాత బందుల నట్లు, బ్రాకెట్ల బోల్టులు అన్నీ మళ్ళీ బిగించి, ఒక్కొక్క దాని మీద నట్టు నుంచి వాషరు మీదికి రంగు గీత గీయండి. తరువాత ఎప్పుడైనా సడలితే ఆ గీత విడిపోయి కనబడుతుంది. అదే సమయంలో స్ట్రట్ కడ్డీని శుభ్రమైన తెల్లటి గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డ మీద పలచని మరక అంటుకుంటే సహజమే. కడ్డీ చుట్టూ చుక్క కట్టేంత నూనె కనబడితే మాత్రం సీలు పోయినట్టే, రెండు స్ట్రట్లూ మార్చే వరకు ఊతకర్ర లేకుండా ఆ మంచం కింద చెయ్యి పెట్టకండి.